పొద్దుగూకినంక అంగడి

పొద్దుగాల పోతే కూరగాయలే నన్ను కొంటయి.
అందుకే లైట్లు ఎలిగినంక పోత,
గంపలు దులుపుకునే యాళ్లకు,
వంకాయల మొఖం జర వాడినంక,
కొత్తిమీర కట్ట తల వాల్చినంక.
అప్పటికి ధర గూడ నా లెక్కనే అలిసిపోయి ఉంటది,
పక్కన కూసొని మాట్లాడొచ్చు.

కొంగు మూలకు నూటఅరవై.
శనివారం కూలి చేతిల పడేదాక ఇవే,
ఐదు కడుపులకు.

మా ఆయన మైసయ్య, మిర్యాలగూడ మిల్లుల హమాలి.
ఊళ్లె బియ్యమంత ఆయన మెడ మీదికెల్లే లారీ ఎక్కుతది.
రాత్రి ఇంటికొచ్చి అంగి ఇడిస్తే
జేబులకెల్లి నాలుగు సన్నగింజలు రాలుతయి.
మా అత్త వాటిని ఏరి కోడిపెట్టకేస్తది,
"సన్నబియ్యం తినే కోడే ఇది, దీన్ని ఏమనకుర్రి" అని
పండ్లు లేని నోటితోని నవ్వుతది.
మేం తినేటియి నూకలు.
జల్లెడ పడితే పెద్దయి అన్నానికి,
నడిమియి పొద్దుగాల గటుకకు,
దుమ్మసొంటియి
మళ్ల ఆ కోడికే.

నూనె సీసా మూతతోని కొలుస్త.
రెండు మూతలు కూరకు, ఒకటి పోపుకు.
చుట్టాలొస్తే ఇంకోటి, వాళ్లు చూస్తుంటెనే పోస్త.
చింతపండు మొదటిసారి పిసికితే పచ్చిపులుసు,
ఆ పిప్పినే మళ్ల నానబెడితే తెల్లారి చారు,
మూడోసారి ఇత్తడి చెంబు తోముతది.
సాగర్ కాలువ గట్టు పొంటి గంగవాయిలికూర ఉత్తగనే దొరుకుతది,
ఈ నడుమ అక్కడ గడ్డిమందు కొడుతున్నరు.
ఆకు అంచు పసుప్పచ్చగైతే ముట్టను.
ఉత్తగొచ్చేదాన్ని గూడ చూసి తెచ్చుకోవాలె.

మొన్న అంగట్ల
ఖాజాబీ గోనెసంచి మీద టమాటలు ఏరి పెట్టింది,
మెత్తబడ్డయి, ఒకటి రెండు పలిగినయి.
నా కండ్లు ముందుగాల ఆడికే పోతయి.
"గవి కుప్ప పదికియ్యి అక్కా" అన్న.
ఆమె వాటి మీద చెయ్యి పెట్టింది.
"అవి అమ్మేటియి కాదు చెల్లె. ఇంటియి."

నాకు మాట రాలే.
ఎన్నేండ్ల సందో ఈమెతోని బేరమాడుతున్న,
ఈమె కాడ మిగిలినదాంట్లనే నా మిగులు ఎతుక్కుంటున్న,
ఆ మిగిలినదాని కోసం
ఇంకో పొయ్యి గూడ ఎదురు చూస్తదని
ఒక్కనాడు తట్టలే.

గట్టియి పావుకిలో ఎయ్యమన్న.
ధర అడగలే.
తూకమైనంక ఆమె పైన ఒకటేసింది,
నేను తీసి గంపల పెట్టిన,
ఆమె మళ్ల నా సంచిల ఏసింది.
ఇద్దరం నవ్వలే.

ఇంటికొచ్చి చూసుకుంటే
అనుకున్నదాని మీద పదకొండు రూపాలు ఎక్కువైనయి.
"రెండొద్దులు చాయ బందు" అన్న.
అత్త మూతి తిప్పి గోడ దిక్కు పండుకుంది.
"అమ్మా, ఇయ్యేం టమాటలే ఇంత ఎర్రగున్నయి" అని
సిన్నది శిరీష ఒకటి బుగ్గకు ఆనిచ్చుకుంది.

నేను కత్తిపీట ముందల కూసున్న.
ఎప్పుడైనా కుళ్లిన మూల కోసి పారేసి
అక్కడికెల్లే తరగుడు మొదలుపెడత.
ఇవాళ యాడికెల్లి మొదలుపెట్టాల్నో తెలువక
నున్నటి కాయను అరచేతుల
తిప్పి తిప్పి చూస్తున్న.